పాడేది కొయ్యా? తీగా?

మన పూర్వులు వీణలు రెండు విధాలని చెప్పారు. ఒకటి గాత్రవీణ, రెండవది దారవీవీణ. నారదీయశిక్షలో ఈ విభాగం కనిపిస్తుంది. గాత్రవీణ అంటే మనిషి శరీరమే. దారవి అంటే దారువుతో, అనగా కొయ్యతో చేసినది. తీగలు బిగించి వాయించే వాద్యానికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు ఆ పెద్దలు తీగను చూచి పెట్టలేదు. కొయ్యను చూచి పెట్టారు.

కొయ్యకు ఆ గౌరవం ఊరికే రాలేదు. విజయనగరం జిల్లా బొబ్బిలి సమీపాన ఉన్న గొల్లపల్లిలో వీణలు చేసే శిల్పులు తరతరాలుగా పనసమానునే ఎన్నుకొంటున్నారు. ఒకే దుంగను తొలిచి తీర్చే ఏకాండి వీణకు ఆ ఊరు ప్రసిద్ధి. కుండను లోపల బోలుగా తొలిచి, పైన పలుచని పలక మూసి, ఆ పలక మీద గుర్రం నిలిపి, గుర్రం మీదుగా తంత్రులు సాగదీస్తారు. మీటినప్పుడు సన్నని తంత్రి తనంత తాను కదిలించగల గాలి బహు స్వల్పం. ఆ కదలిక గుర్రం గుండా పలకకు దిగుతుంది. పలక తన వైశాల్యమంతటితో గాలిని కదిలిస్తుంది. కాబట్టి సభలో కూర్చున్నవారి చెవికి చేరేది చాలావరకు తంత్రి పలికించిన కొయ్య నాదమే. దారవి అన్న పేరు ఇట్లా సార్థకమయింది.

ఈ సంగతి తరగతిలో ఏటేటా చెపుతూనే ఉన్నాను. నిరుడు ఆ పాఠమే నాకు ఒక చిక్కు తెచ్చి పెట్టింది. కళాశాల ఉత్సవాల్లో ఎలక్ట్రిక్ గిటారు వాయించే ఒక విద్యార్థి నా దగ్గరకు వచ్చాడు. అతని దగ్గర ఉన్నది చవక వాద్యం. దానికి నాలుగింతలు ధర పలికే మరియొక గిటారును అంగడిలో చూచి వచ్చాడట. ఎర్రని మహాగని కొయ్య, పైన అలలు తేలినట్లున్న మేపుల్ పలక. ఆ కొయ్య వల్లనే దానికి గంభీరనాదం వచ్చిందని అంగడివారు చెప్పారట. తండ్రి వ్యవసాయదారుడు. పంట డబ్బు చేతికి రాగానే కొనిపెడతానన్నాడు. చాలకపోతే అప్పు చేస్తానని కూడా అన్నాడు. “మాస్టారూ, కొయ్యను బట్టే గదా నాదం? మీరు పాఠంలో అట్లాగే చెప్పారు” అన్నాడు ఆ కుర్రవాడు.

నేను వెంటనే అవుననలేకపోయాను. నా పాఠం ఒక రైతు చేత అప్పు చేయించబోతున్నది. వీణకు చెల్లిన మాట ఈ వాద్యానికి చెల్లుతుందో లేదో విచారించకుండా తల ఊపడం ధర్మం కాదనిపించి, కొంత వ్యవధి అడిగాను. ఆ వ్యవధిలో చదివి, విని, తెలుసుకొన్న సంగతులే ఈ వ్యాసం.

మొదటి పాఠం మా భౌతికశాస్త్ర ఉపన్యాసకుల దగ్గర దొరికింది. ఆయన ప్రయోగశాలలోని శ్రుతిదండాన్ని రబ్బరు దిమ్మ మీద కొట్టి గాలిలో పట్టుకొన్నారు. చెవి దగ్గర పెట్టుకొంటే గాని వినబడలేదు. మళ్ళీ కొట్టి, దాని కాడను చెక్కబల్ల మీద ఆనించారు. బల్ల మొత్తం పాడింది, గదిలో అందరికీ వినబడింది. కాని త్వరగానే ఆగిపోయింది. మూడవసారి కొట్టి బండరాతి గచ్చు మీద ఆనించారు. నాదం సన్నగానే ఉన్నది, కాని బల్ల మీద కంటె ఎక్కువసేపు నిలిచింది. ఉపాధ్యాయులు ఈ ప్రయోగాన్ని ఏ పాఠశాలలోనైనా చేసి చూపవచ్చును. దీనిలో మన ప్రశ్నకు తాళపుచెవి ఉన్నది. తంత్రికి మీటు ఇచ్చిన శక్తి ఒక్కటే మూలధనం. కొయ్య దానిని గాలిలోకి ధారాళంగా వెచ్చిస్తే నాదం పెద్దదవుతుంది, త్వరగా కరిగిపోతుంది. కొయ్య బిగువుగా నిలిస్తే నాదం చిన్నదవుతుంది, కాని తంత్రి చాలాసేపు కదులుతూ ఉంటుంది. వీణ, మామూలు గిటారు బల్ల జాతివి. ఎలక్ట్రిక్ గిటారు బండరాతి జాతిది.

ఎలక్ట్రిక్ గిటారులలో మిక్కిలి వ్యాప్తిలో ఉన్నవాటికి బోలు లేదు. దాని దేహం ఘనమైన పలక. తంత్రుల కింద పికప్ అనే చిన్న పరికరం ఉంటుంది: అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక వంటి రాగితీగ వేలకొద్దీ చుట్లు. పైన ఉక్కుతంత్రి కదిలినప్పుడు అయస్కాంతక్షేత్రం చలించి, ఆ చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831 లో ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. ఆ విద్యుత్తును యాంప్లిఫయర్ పెంచితే లౌడ్‌స్పీకర్ పలుకుతుంది. పికప్‌కు చెవి లేదు. గాలిలోని ధ్వనిని అది వినదు. దాని ముందు కదిలే ఉక్కును మాత్రమే గుర్తిస్తుంది. ఉక్కుకు బదులు నైలాను తంత్రి బిగించి ఎంత మీటినా దానికి పట్టదు. కనుక ఇక్కడ కొయ్య పాడదు. కొయ్యకు ఏమైనా ప్రభావం ఉంటే అది తంత్రి కదలికను మార్చడం ద్వారానే రావలె.

ఈ వాద్యం పుట్టుక చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. 1931 లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరంలో జార్జ్ బోషాం, అడాల్ఫ్ రికెన్‌బేకర్ అనే ఇద్దరు దీనికి రూపు దిద్దారు. వాద్యబృందాల హోరులో గిటారు వినబడకపోవడమే వారి ప్రయత్నానికి కారణం. నమూనాను మేపుల్ కొయ్యతో చెక్కారు. గుండ్రని చిన్న దేహం, పొడుగు మెడ. చూచినవారు దానికి ‘పెనం’ అని పేరు పెట్టారు. 1932 నుంచి అంగడికి వచ్చిన వాద్యాన్ని మాత్రం అల్యూమినియంతో పోతపోశారు. అంటే మొదట అంగడికెక్కిన ఆ ఎలక్ట్రిక్ గిటారు దారవి కానే కాదు, లోహమయం!

మరి కొయ్య మీద ఇంత నమ్మకం ఎక్కడినుంచి వచ్చింది? దీనికి లెస్ పాల్ అనే ప్రసిద్ధ వాదకుని అనుభవం ఒక జవాబు. 1940 ప్రాంతంలో ఆయన న్యూయార్కులోని ఎపిఫోన్ కర్మాగారంలో నాలుగంగుళాల చదరపు పైన్ దిమ్మకు తంత్రులు, పికప్ బిగించి ఒక వాద్యం చేసుకొన్నాడు. దానికి ‘దుంగ’ అని పేరు. దానిని సభలో వాయిస్తే ఎవరూ పట్టించుకోలేదట. అప్పుడు ఒక మామూలు గిటారును నిలువునా కోసి, ఆ రెండు చెక్కలనూ దిమ్మకు ఇరుపక్కలా రెక్కల వలె తగిలించాడు. పికప్ అదే, దిమ్మ అదే, తంత్రులు అవే. ఈసారి శ్రోతలు మెచ్చుకొన్నారట. జనం చెవులతో గాక కళ్ళతో వింటారని ఆయన తరువాతి కాలంలో ఈ కథ చెప్పుకొనేవాడు.

ఆ కళ్ళకు విందు చేసిన కొయ్యలను కొంచెం పరిచయం చేసుకొందాం. కాలిఫోర్నియాలోని ఫులర్‌టన్ అనే ఊరిలో రేడియోలు బాగుచేసే లియో ఫెండర్ 1950 లో ఘనదేహపు గిటారును మార్కెట్టులోకి తెచ్చాడు. ఆయన గిటారు వాదకుడు కాడు. యాష్ కొయ్యతో దేహం, మేపుల్ కొయ్యతో మెడ చేసి, రెండింటినీ మరలతో బిగించాడు. యాష్ లేత రంగు కొయ్య. ఏటేటా పెరిగిన వలయాలు దానిలో ముదురు చారలుగా స్పష్టంగా కనబడతాయి. పలుచని వర్ణం పూస్తే ఆ చారలు నీటి అడుగున ఇసుకరేఖల వలె మెరుస్తాయి. కాని దానికి ఒక చిక్కున్నది. వసంతంలో పెరిగిన కొయ్యలో పెద్ద పెద్ద రంధ్రాలుంటాయి; వాటిని పూడ్చి నునుపు చేస్తే గాని రంగు సరిగా పట్టదు. 1954 లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ అనే నమూనాకు మొదట యాష్ వాడి, 1956 నుంచి చాలావాటికి ఆల్డర్ కొయ్యకు మారారు. ఆల్డర్ రంధ్రాలు సన్ననివి; రంగు తేలికగా పట్టుతుంది. లేత రంగు వేసే గిటారులకు మాత్రం యాష్ అట్లాగే ఉండిపోయింది. అనగా ఏ కొయ్య వాడవలెనన్న తీర్పులో రంగులు వేసేవాని మాటకే బలం ఎక్కువ. నేడు ఆ రెండు కొయ్యల నాదభేదాన్ని గురించి అమ్మకందారులు పుటలకు పుటలు వర్ణిస్తారు!

మిషిగన్ రాష్ట్రంలోని కాలమజూలో గిబ్సన్ కంపెనీ 1952 లో లెస్ పాల్ పేరుతో ఒక గిటారు చేసింది. మహాగని దేహం, పైన మేపుల్ పలక. మొదట ఆ పలకను బంగారు రంగుతో కప్పివేశారు. 1958 లో బంగారు పూత మాని, చెర్రీపండు ఎరుపు నుంచి పసుపులోకి దిగే పారదర్శకమైన రంగు పూశారు. అప్పుడు మేపుల్ సొగసు లోకానికి కనిపించింది. కొన్ని మేపుల్ మానులలో నారలు తిన్నగా గాక అలలుగా పెరుగుతాయి. వెలుగు ఒక్కొక్క అల మీద ఒక్కొక్క కోణంలో పడుతుంది. వాద్యాన్ని కొంచెం వంచితే చాలు, మెరిసిన గీత మసకబారి, మసకగా ఉన్నది మెరుస్తుంది; పట్టుచీర మడత కదిలినట్లు ఉంటుంది. ఒకే పలకను మధ్యకు చీల్చి, పుస్తకం తెరిచినట్లు పక్కపక్కన అతికిస్తే ఎడమ కుడులు ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలవుతాయి. 1958, 1960 మధ్య చేసిన ఆ గిటారులు నేడు లక్షల డాలర్లకు అమ్ముడుపోతున్నాయి.

ఫెండర్ గిటారు నాదం పదునైనది, గిబ్సన్ నాదం నిండైనది అన్న మాటలో అసత్యం లేదు. ఆ భేదాన్ని కొయ్యకు అంటగట్టడంలోనే తర్కదోషం ఉన్నది. రెండు వాద్యాలలో కొయ్య ఒక్కటే గాదు, అన్నీ వేరు. ఫెండర్ తంత్రి కదిలే నిడివి ఇరవై అయిదున్నర అంగుళాలు, గిబ్సన్‌ది దాదాపు ముప్పాతిక అంగుళం తక్కువ. ఫెండర్ పికప్‌లో ఒకటే చుట్ట. గిబ్సన్ 1957 నుంచి రెండు చుట్టల పికప్ వాడింది. గుర్రాలు వేరు, మెడ అతికే పద్ధతి వేరు. ఇన్ని వేరుగా ఉన్నప్పుడు ఫలితానికి ఒక్కదాన్నే కారణమనడం ఎట్లా? ఇంతకంటె సులువైన నిదర్శనం మరొకటి ఉన్నది. ఈ గిటారులకు మెడ వైపు ఒక పికప్, గుర్రం వైపు ఒక పికప్ ఉంటాయి. చిన్న మీట తిప్పి ఒకదాని నుంచి మరియొకదానికి మారితే మెత్తని నాదం ఆ క్షణంలోనే పదునెక్కుతుంది. ఆ క్షణంలో కొయ్య మారలేదు గదా!

అయితే కొయ్యకు ఏ ప్రభావమూ లేదని తీర్మానించడం కూడా తొందరపాటే. 1998 లో జర్మనీకి చెందిన హెల్ముట్ ఫ్లైషర్, టిల్మన్ జ్వికర్ అనే శాస్త్రజ్ఞులు ఎలక్ట్రిక్ గిటారుల కంపనాలను కొలిచి చూపారు. గిటారు మెడ పూర్తిగా నిశ్చలం కాదు. దానికి తనదైన కంపనాలు కొన్ని ఉన్నాయి. ఏదైనా మెట్టు దగ్గర తంత్రి పలికే స్వరం మెడకు సహజమైన కంపనంతో కలిసిందా, తంత్రి శక్తి మెడలోకి జారిపోయి ఆ స్వరం మిగతావాటికంటె త్వరగా చచ్చిపోతుంది. వాదకులు వీటిని ‘చచ్చిన చోట్లు’ అంటారు. మెడ కొయ్య బిగువు, బరువు, ఆకారం, అతుకు వీటిని నిర్ణయిస్తాయి. కొయ్య ఇక్కడ నాదానికి కొత్తగా ఏదీ చేర్చడం లేదు. ఉన్నదానిలో కొంత మింగుతున్నది. ఒకే చెట్టు నుంచి కోసిన రెండు పలకలు కూడా బరువులో, నారలో ఒక్కతీరుగా ఉండవు కనుక, మహాగని అన్న పేరు చెప్పినంతమాత్రాన ఎంత మింగుతుందో చెప్పలేము.

మన భాషలో చేవ అని ఒక చక్కని మాట ఉన్నది. చెట్టు నడిమిభాగంలోని గట్టి కొయ్య చేవ. మనిషిలోని సత్తువకూ అదే మాట. ఎలక్ట్రిక్ గిటారుకు కావలసినది ఆ చేవ. ఎండకు వానకు వంగని మెడ, మర పట్టు వదలని గట్టిదనం, భుజానికి బరువు కాని దేహం. కొయ్య చేసే నిజమైన సేవ ఇది. దాని విలువ తక్కువేమీ కాదు.

కళ్ళు మూస్తే చెవి ఏమంటుందో పరీక్షించినవారు కూడా ఉన్నారు. ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018 లో ప్రకటించిన ప్రయోగం ఒకటి మెచ్చదగినది. అది ఎలక్ట్రిక్ గిటారును గురించి కాదు, కొయ్య ధ్వనించే మామూలు గిటారును గురించి. వెనుక పలక, పక్కలు మాత్రమే వేరు వేరు కొయ్యలతో, మిగిలినదంతా ఒక్కతీరుగా ఆరు గిటారులు చేయించారు. అతి అరుదైన బ్రెజిల్ రోజ్‌వుడ్, మన దేశపు రోజ్‌వుడ్, మహాగని, మేపుల్, వాల్‌నట్, సపేలీ అనేవి ఆ కొయ్యలు. 52 మంది వాదకులకు వెల్డింగు పనివారి నల్ల కళ్ళద్దాలు తగిలించి, మసకవెలుతురులో వాయింపజేశారు. ఆరింటికీ దాదాపు సమానంగానే మార్కులు వచ్చాయి. ఏది ఏదో తడవకుండా గుర్తించగలిగినవారు అరుదు. ముఖపలక మార్చి ఉంటే సంగతి వేరు కావచ్చును. కాని వెలను ఆకాశానికెత్తే వెనుక పలకను చెవి గుర్తుపట్టలేకపోయింది. కొయ్య పలికే వాద్యంలోనే ఇట్లా ఉంటే, కొయ్య పలకని వాద్యం మాట చెప్పవలసిన పని లేదు.

చవక కొయ్యలు కీర్తి గడించిన ఉదాహరణలూ ఉన్నాయి. అమెరికాలో డేన్ఎలెక్ట్రో గిటారులకు 1950 ల నుంచి కొయ్యపొట్టును అదిమి చేసిన అట్టపలకలు వాడారు. పెద్ద పెద్ద వాదకులు వాటిని చేతబట్టారు. ఇంగ్లండులో బ్రయన్ మే అనే బాలుడు 1963 లో తండ్రితో కలిసి ఇంట్లోనే గిటారు చేయడం మొదలుపెట్టాడు. మెడకు ఒక పాత పొయ్యిగూటి మహాగని దూలం దొరికింది. దానిలోని పురుగుల తొర్రలను అగ్గిపుల్లలతో పూడ్చాడు. దేహానికి పాత ఓక్ బల్ల ముక్క, అతుకుల చెక్క. మెడ మీది గుర్తులకు తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపు బొత్తాలు. లోపల మోటారుసైకిలు స్ప్రింగులు. ఆ గిటారుతోనే అతడు క్వీన్ అనే వాద్యబృందంలో లోకప్రసిద్ధుడయ్యాడు. 2007 లో ఖగోళభౌతికశాస్త్రంలో డాక్టరేటు పొందినది కూడా ఆయనే. పురుగు తొలిచిన దూలంలో ఆ నాదం ముందే దాగి ఉన్నదని ఎవరనగలరు?

కొయ్యను గురించిన నమ్మకం తప్పయితే నష్టం కొనేవాని జేబుకేనా? అడవికి కూడా. గిటారు మెడ మీద వేళ్ళు ఆనే పలకకు, మామూలు గిటారుల వెనుక పలకకు బ్రెజిల్ రోజ్‌వుడ్ కావలెనన్న మోజు ఆ చెట్టును వేధించిన కారణాలలో ఒకటి. 1992 లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని దాదాపు పూర్తిగా నిషేధించవలసి వచ్చింది. అంతకుముందే, 1969 లో, అమెరికాలోని మార్టిన్ కంపెనీ మన దేశపు రోజ్‌వుడ్‌కు మారింది. మన కొండల్లో ఇరుగుడు అనీ, జిట్రేగి అనీ పిలిచే చెట్టు ఇదే. ఊదారంగు చారలు తీరిన నల్లని చేవ దీనిది. 2017 లో ఈ జాతి చెట్లన్నింటి వ్యాపారానికి అంతర్జాతీయ అనుమతిపత్రాలు అవసరమని నియమం వచ్చింది. 2019 లో తయారైన సంగీతవాద్యాలకు మినహాయింపు ఇచ్చారు. యాష్ కథ మరొక విధం. 2002 లో మిషిగన్‌లో బయటపడిన ఆసియా పురుగు ఒకటి అమెరికాలోని యాష్ చెట్లను కోట్లకొద్దీ చంపింది. తమ మామూలు నమూనాలకు ఆ దేశపు చిత్తడినేలల యాష్ ఇక వాడలేమని ఫెండర్ కంపెనీ 2020 లో ప్రకటించింది. చెట్టు ఎదగడానికి తరాలు పడుతుంది. దానిని కొట్టేటప్పుడు చెవి కోసమా, కంటి కోసమా అన్నదైనా తెలిసి కొట్టడం మన ధర్మం.

ఈ విచారంలో మన తెలుగువాడొకరు గుర్తుకు రాక మానరు. 1969 లో పాలకొల్లులో జన్మించి, 2014 లో అకాలంగా కన్నుమూసిన మాండొలిన్ శ్రీనివాస్ గారు చేపట్టినది ఘనదేహపు ఎలక్ట్రిక్ మాండొలినే. మామూలు మాండొలిన్ బల్ల జాతిది; మీటిన నాదం మీటినంతలో ఆగిపోతుంది. గమకం సాగడానికి నాదం నిలవవలె. జంట తంత్రులు నాలుగింటికి బదులు ఒంటి తంత్రులు అయిదు బిగించి, విద్యుత్తు సాయంతో ఆయన తోడి, భైరవి వంటి రాగాలను ఆ చిన్న పలక మీద పలికించారు. సభలో విన్నవారు రాగాన్ని విన్నారు. ఆ పలక ఏ కొయ్యో ఎవరూ అడిగి ఉండరు.

ఈ సంగతులన్నీ నా విద్యార్థికి చెప్పి, “అబ్బాయీ, నా మాట కూడా నమ్మవద్దు. నీ స్నేహితుణ్ణి వెంటబెట్టుకొని వెళ్ళు. రెండు గిటారులనూ ఒకే యాంప్లిఫయర్‌కు తగిలించి అతణ్ణి వాయించమను. నీవు గోడ వైపు తిరిగి కూర్చో. ఇరవైసార్లు విని, ఏది ఏదో కాగితం మీద రాయి” అన్నాను. వారం తరువాత వచ్చాడు. తేడా ఉన్నదట, రెండూ ఒకటి కాదని చాలాసార్లు పట్టాడట. అయితే ఏది మంచిదని ముందు రాశాడో, తరువాత అదే చవకదని తేలిందట. తన పాత గిటారుకు కొత్త తంత్రులు వేయించి, పికప్ ఎత్తు సరిచేయించుకొన్నానని చెప్పాడు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, “అయినా మాస్టారూ, చూడడానికి మాత్రం ఆ ఎర్రదే బాగున్నదండీ” అన్నాడు.

ఆ మాటకు నవ్వాను గాని, దానిలో తప్పు లేదు. అందం అబద్ధం కాదు. వీణకు యాళిముఖం తగిలించినది నాదం కోసం కాదు గదా! కంటికి ఇంపైనదాన్ని కంటి పేరు మీదనే కొనుక్కోవచ్చును. చెవి పేరు మీద అప్పు చేయరాదు. నేనూ ఇప్పుడు తరగతిలో పాఠాన్ని కొంచెం సవరించి చెపుతున్నాను. దారవి అన్న పేరు పనసవీణకు ముమ్మాటికీ తగినది. కొత్త వాద్యం వచ్చినప్పుడు మాత్రం పాత పేరును దానికి తగిలించే ముందు ఒకసారి కళ్ళు మూసుకొని వినవలె.